కన్వర్జ్‌డ్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్: డేటా సెంటర్‌లో అన్నీ ఒకే గూటికి చేరితే లాభమెంత? జాగ్రత్తలేంటి?

ఒక పెద్ద ఆసుపత్రి. సోమవారం ఉదయం ఓపీ కౌంటర్ ముందు క్యూ పెరిగిపోతోంది. సాఫ్ట్‌వేర్ పూర్తిగా ఆగిపోలేదు గానీ, ఒక్కో పేషెంట్ వివరాలు తెరుచుకోవడానికి నిమిషం పడుతోంది. ఐటీ సిబ్బంది సర్వర్ కంపెనీకి ఫోన్ చేశారు. 'మా సర్వర్ బాగానే ఉంది, స్టోరేజ్ చూసుకోండి' అన్నారు. స్టోరేజ్ కంపెనీ వాళ్లు 'డిస్కులు బాగానే ఉన్నాయి, స్విచ్ చూసుకోండి' అన్నారు. స్విచ్ కంపెనీ వాళ్లేమో 'సర్వర్‌లో డ్రైవర్ పాతది, వాళ్లనే అడగండి' అంటూ కథను మళ్లీ మొదటికి తెచ్చారు. మధ్యాహ్నానికి మూడు కంపెనీల్లో మూడు ఫిర్యాదులు నమోదయ్యాయి. ఒక్కటీ తేలలేదు. కౌంటర్ ముందు జనం మాత్రం అలాగే నిలబడి ఉన్నారు.

ఇది ఉదాహరణ కోసం చెప్పిందే అయినా, డేటా సెంటర్లలో పనిచేసిన వాళ్లకు కొత్తేమీ కాదు. తప్పు ఎవరిదో తేల్చడానికే రోజు గడిచిపోయే ఈ పరిస్థితి నుంచి బయటపడేందుకు వచ్చిన పద్ధతే కన్వర్జ్‌డ్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్. బ్యాంకులు, ఆసుపత్రులు, యూనివర్సిటీలు, ప్రభుత్వ శాఖలు, ఫ్యాక్టరీలు గత పదిహేనేళ్లుగా దీన్ని వాడుతున్నాయి. కొందరికి బాగా కలిసొచ్చింది. కొందరు మాత్రం పెట్టె కొన్నారు గానీ పద్ధతి మార్చుకోలేదు. వాళ్ల కష్టాలు అలాగే ఉండిపోయాయి.

అసలు ఇదేంటి?

డేటా సెంటర్‌లో ప్రధానంగా మూడు రకాల సామగ్రి ఉంటుంది. లెక్కలు చేసే సర్వర్లు, డేటా దాచే స్టోరేజ్, ఈ రెండింటినీ కలిపే నెట్‌వర్క్. వీటిపైన ఒక్కో సర్వర్‌ను పది ఇరవై సర్వర్లుగా విడదీసి వాడుకోనిచ్చే వర్చువలైజేషన్ సాఫ్ట్‌వేర్ ఉంటుంది. పాత పద్ధతిలో వీటిని వేర్వేరు కంపెనీల దగ్గర, వేర్వేరు టెండర్లతో కొనేవారు. ఒకదానితో ఒకటి కలుపుకోవడం కొన్నవాళ్ల బాధ్యత. కొత్త అప్లికేషన్‌కు ఒక సర్వర్ కావాలంటే సర్వర్ టీమ్‌కు ఒక అర్జీ, డిస్క్ స్థలం కోసం స్టోరేజ్ టీమ్‌కు మరొకటి, కనెక్షన్ కోసం నెట్‌వర్క్ టీమ్‌కు ఇంకొకటి. పని గంటలదే, ఎదురుచూపు మాత్రం వారాలది.

కన్వర్జ్‌డ్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్‌లో ఇవన్నీ ముందే కలిపి, పరీక్షించి, ఒకే వ్యవస్థగా ఇస్తారు. ఏ సర్వర్‌తో ఏ స్టోరేజ్ సరిపోతుంది, ఏ ఫర్మ్‌వేర్ వెర్షన్‌తో ఏ డ్రైవర్ వాడాలి అన్నది తయారీదారులే తేల్చి రాతపూర్వకంగా ఇస్తారు. నిర్వహణకు ఒకటే స్క్రీన్, సపోర్ట్‌కు ఒకటే ఫోన్ నంబర్. అమ్మేవాళ్లు వేగం గురించి, ఆదా గురించి చాలా చెబుతారు. కానీ కొనేవాళ్లకు దక్కే అసలైన వస్తువు జవాబుదారీతనం. తేడా వస్తే అడగడానికి ఒక్కరు ఉంటారు.

ఎలా మొదలైంది?

2008లో ఒరాకిల్ కంపెనీ హెచ్‌పీ హార్డ్‌వేర్‌తో ఎక్సాడేటాను విడుదల చేసింది. డేటాబేస్ ఒక్కదాని కోసమే సర్వర్లు, స్టోరేజ్ కలిపి కూర్చిన యంత్రం అది. 2009 మార్చిలో, అప్పటిదాకా స్విచ్‌లకు, రౌటర్లకు పేరున్న సిస్కో, యూసీఎస్ పేరుతో సర్వర్ల రంగంలోకి దిగింది. అదే ఏడాది నవంబర్‌లో సిస్కో, ఈఎంసీ, వీఎంవేర్ చేతులు కలిపాయి. సిస్కో సర్వర్లు, స్విచ్‌లు, ఈఎంసీ స్టోరేజ్, వీఎంవేర్ సాఫ్ట్‌వేర్ కలిపి 'వీబ్లాక్' పేరుతో మార్కెట్లోకి తెచ్చాయి. కన్వర్జ్‌డ్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ అన్న మాటను హెచ్‌పీ కూడా ఆ ఏడాదే గట్టిగా ప్రచారం చేసింది. 2010లో సిస్కో, నెట్‌యాప్ కలిసి 'ఫ్లెక్స్‌పాడ్' తెచ్చాయి. 2012లో ఐబీఎం 'ప్యూర్‌సిస్టమ్స్'తో వచ్చింది.

ఆ కాలానికే ఎందుకు వచ్చిందంటే, అప్పటికి వర్చువలైజేషన్ బాగా పాకిపోయింది. ఒకే సర్వర్ మీద ఇరవై అప్లికేషన్లు నడుస్తుంటే ఒక చిన్న డ్రైవర్ లోపం ఇరవై చోట్ల నొప్పి పెడుతుంది. మరోవైపు అమెజాన్ క్లౌడ్ నిమిషాల్లో సర్వర్ ఇస్తోంది. 'బయట నిమిషాల్లో దొరికేది మన డేటా సెంటర్‌లో నెలకు గానీ ఎందుకు రాదు?' అన్న ప్రశ్న ప్రతి ఐటీ అధికారికీ ఎదురైంది.

లోపల ఏం జరుగుతుంది?

మొదటి కలయిక తీగ దగ్గర మొదలైంది. పాత సర్వర్ వెనక మామూలు నెట్‌వర్క్‌కు ఈథర్‌నెట్ కేబుళ్లు, స్టోరేజ్‌కు ఫైబర్ చానల్ కేబుళ్లు విడివిడిగా ఉండేవి. ఈథర్‌నెట్ రద్దీ ఎక్కువైతే కొన్ని ప్యాకెట్లను వదిలేస్తుంది. స్టోరేజ్‌కు అది కుదరదు. అందుకే ఏమీ జారిపోని విధంగా ఈథర్‌నెట్‌ను మార్చి, దాని మీదనే ఫైబర్ చానల్ ట్రాఫిక్ నడిపే ప్రమాణాన్ని 2009లో ఖరారు చేశారు. రెండు రకాల తీగలు చేసే పని ఒక్కదానితోనే జరిగింది. కేబుళ్ల గుట్ట తగ్గితే గాలి ఆడుతుంది, తప్పు తీగ పీకేసే ప్రమాదమూ తగ్గుతుంది.

రెండోది సర్వర్ గుర్తింపు. పాత పద్ధతిలో సర్వర్ చిరునామాలు దాని కార్డుల్లోనే ముద్రించి ఉంటాయి. సర్వర్ పాడై కొత్తది పెడితే నెట్‌వర్క్‌లో, స్టోరేజ్‌లో ఆ చిరునామాలన్నీ మళ్లీ మార్చాలి. యూసీఎస్ లాంటి వ్యవస్థల్లో ఈ గుర్తింపును 'సర్వీస్ ప్రొఫైల్' అనే ఫైల్‌లో రాసి ఉంచుతారు. ఒక సర్వర్ చచ్చిపోతే ఆ ప్రొఫైల్‌ను పక్కనున్న ఖాళీ సర్వర్‌కు అంటిస్తే చాలు. మిగతా వ్యవస్థకు అది పాత సర్వర్‌లాగే కనిపిస్తుంది.

మూడోది వెర్షన్ల పట్టిక. ఏ ఫర్మ్‌వేర్ దేనితో కలుస్తుందో తయారీదారు పరీక్షించి పట్టికగా విడుదల చేస్తాడు. ఆ పట్టిక దాటితే సపోర్ట్ దొరకడం కష్టం. కన్వర్జ్‌డ్ వ్యవస్థకు పెట్టిన డబ్బులో పెద్ద భాగం ఈ పట్టికకే పెట్టినట్టు లెక్క. అందుకే దాన్ని పాటించకుండా నడపడమంటే కొన్న వస్తువును వాడకుండా మూలన పడేయడమే.

రకాలు ఎన్ని?

ఇందులో స్థూలంగా నాలుగు రకాలున్నాయి.

మొదటిది నమూనా ఆధారిత పద్ధతి. ఫ్లెక్స్‌పాడ్ ఇలాంటిదే. తయారీదారులు పరీక్షించిన డిజైన్ పుస్తకం ఇస్తారు, దాని ప్రకారం భాగస్వామి కంపెనీ వచ్చి బిగిస్తుంది. ఇందులో కాస్త వెసులుబాటు ఎక్కువ. కానీ బిగించినవాళ్లు ఎంత నిజాయితీగా పుస్తకం పాటించారన్న దానిపై ఫలితం ఆధారపడుతుంది.

రెండోది ఫ్యాక్టరీలోనే బిగించి పంపేది. వీబ్లాక్ ఈ కోవలోనిది. ర్యాక్‌లే నేరుగా వస్తాయి. కరెంటు, నెట్‌వర్క్ కలిపితే చాలు. ఖరీదెక్కువ, మార్పులకు చోటు తక్కువ.

మూడోది హైపర్‌కన్వర్జ్‌డ్. ఇందులో విడిగా స్టోరేజ్ పెట్టె ఉండదు. ప్రతి సర్వర్‌లో ఉన్న డిస్కులను సాఫ్ట్‌వేర్ కలిపి ఒకే పెద్ద స్టోరేజ్‌గా చూపిస్తుంది. 2009లో ధీరజ్ పాండే, మోహిత్ ఆరోన్, అజీత్ సింగ్ స్థాపించిన నుటానిక్స్ ఈ దారిలో ముందు నడిచింది. వీఎంవేర్ 2014లో వీశాన్‌తో వచ్చింది. 2017లో హెచ్‌పీఈ సంస్థ సింప్లివిటీని కొనేసింది. సామర్థ్యం పెంచాలంటే ఇంకో సర్వర్ చేర్చితే సరిపోతుంది కాబట్టి చిన్న, మధ్యస్థాయి సంస్థలు దీన్ని బాగా ఇష్టపడ్డాయి.

నాలుగోది కంపోజబుల్. సర్వర్, స్టోరేజ్, నెట్‌వర్క్‌ను ఒక రాశిగా ఉంచి, ఏ పనికి ఎంత కావాలో సాఫ్ట్‌వేర్ ఆదేశంతో కలుపుకోవడం, పని అయ్యాక విడదీయడం. 2015 డిసెంబర్‌లో హెచ్‌పీఈ ప్రకటించిన 'సినర్జీ' దీనికి తెలిసిన ఉదాహరణ.

ఏది గొప్పది అన్న ప్రశ్నకు అర్థం లేదు. లెక్కలకు, స్టోరేజ్‌కు అవసరం దాదాపు సమానంగా పెరిగే చోట హైపర్‌కన్వర్జ్‌డ్ సులువు. స్టోరేజ్ మాత్రమే విపరీతంగా పెరిగే చోట, ఉదాహరణకు స్కానింగ్ చిత్రాలు, సీసీటీవీ వీడియోలు దాచే చోట, డిస్కుల కోసం అనవసరంగా సర్వర్లు కూడా కొనాల్సి వస్తుంది. అక్కడ విడి స్టోరేజ్ ఉన్న కన్వర్జ్‌డ్ పద్ధతే నయం.

కొనేముందు కొలత

చాలా సంస్థలు తప్పటడుగు వేసేది ఇక్కడే. అమ్మకందారు ఇచ్చిన లెక్కతో కొనేస్తాయి. ముందు చేయాల్సింది ఉన్న వ్యవస్థను కొలవడం. ఏ అప్లికేషన్ ఎంత మెమరీ వాడుతోంది, డిస్క్‌కు సెకనుకు ఎన్నిసార్లు వెళ్తోంది, జవాబు ఎన్ని మిల్లీసెకన్లలో వస్తోంది అన్నది కనీసం నెల రోజులు చూడాలి. ఆ నెలలో జీతాల రోజు, నెలాఖరు లెక్కలు, బ్యాకప్ నడిచే రాత్రులు కూడా ఉండాలి. బుధవారం మధ్యాహ్నం రెండు గంటల లెక్కతో కొన్న వ్యవస్థ 31వ తారీఖు రాత్రి చతికిలబడుతుంది.

హైపర్‌కన్వర్జ్‌డ్‌లో స్టోరేజ్ లెక్క ఇంకా జాగ్రత్తగా వేసుకోవాలి. నాలుగు సర్వర్లు, ఒక్కోదాంట్లో 20 టెరాబైట్లు అనుకుందాం. మొత్తం 80. కానీ ప్రతి డేటానూ రెండు చోట్ల రాస్తారు కాబట్టి మిగిలేది 40. ఒక సర్వర్ పోయినా మిగతా మూడింట్లో మళ్లీ రెండు కాపీలు సరిపోవాలంటే, 60లో సగం అంటే 30 దాటి వాడకూడదు. రోజువారీ పనికి కాస్త ఖాళీ కూడా ఉంచాలి. అంటే కాగితం మీద 80 ఉన్నా, ధైర్యంగా వాడుకోగలిగేది 25 దగ్గర ఆగుతుంది. కంప్రెషన్‌తో ఇది పెరుగుతుందని అమ్మకందారు చెబుతాడు, కొన్ని రకాల డేటాకు అది నిజమే. కానీ ఇప్పటికే కుదించిన వీడియోలు, ఎన్‌క్రిప్ట్ చేసిన ఫైళ్లు ఇంకా కుదించుకుపోవు.

తర్వాత గది. విడివిడిగా ఉన్న సర్వర్లను దగ్గరికి చేర్చితే వేడి, బరువు కూడా ఒకేచోట చేరతాయి. యూసీఎస్‌లో బాగా వాడుకలో ఉన్న 5108 ఛాసిస్‌నే తీసుకుంటే, ఆరు యూనిట్ల ఎత్తులో ఎనిమిది సగం వెడల్పు సర్వర్లు పడతాయి. ఇలాంటివి ఒకే ర్యాక్‌లో నాలుగైదు పెడితే పాత గదిలోని ఏసీ, యూపీఎస్ తట్టుకోకపోవచ్చు. సర్వర్‌లోకి వెళ్లే గాలి 18 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలని ఆష్రే సంస్థ సిఫార్సు. ఎత్తు పెంచిన నేల ఎంత బరువు మోయగలదో, లిఫ్ట్‌లో ర్యాక్ పడుతుందో లేదో కూడా ముందే చూసుకోవాలి. కోట్ల సామగ్రి వచ్చి గుమ్మం దగ్గర ఆగిపోతే ఎవరికీ మంచిది కాదు.

లైసెన్స్ లెక్క మరొకటి. ఇప్పుడు చాలా సాఫ్ట్‌వేర్లకు ప్రాసెసర్ కోర్ల లెక్కన డబ్బు కట్టాలి. డేటాబేస్ రెండు సర్వర్ల మీదే నడుస్తున్నా, అది కదలగలిగే క్లస్టర్ మొత్తానికీ లైసెన్స్ అడిగే కంపెనీలున్నాయి. హార్డ్‌వేర్‌లో మిగిలింది లైసెన్స్‌లో పోకుండా, డేటాబేస్‌లకు విడిగా చిన్న క్లస్టర్ పెట్టుకోవడం చాలామంది పాటించే పద్ధతి.

మార్పు ఎలా చేయాలి?

ఒక్క రాత్రిలో అంతా మార్చేద్దామనే తొందర మంచిది కాదు. ముందుగా అప్లికేషన్ల జాబితా రాయాలి. ఏది దేని మీద ఆధారపడి ఉందో గీసుకోవాలి. ఎవరూ వాడని, అయినా నడుస్తున్న సర్వర్లు ఈ దశలోనే బయటపడతాయి. వాటిని మోసుకెళ్లాల్సిన పని లేదు.

ఆ తర్వాత పరీక్షల కోసం వాడే సర్వర్లు, ఆగినా ఇబ్బంది లేనివి ముందు మార్చాలి. కొన్ని వారాలు చూశాక రెండో విడతలో ఆఫీసు పనుల అప్లికేషన్లు. జనంతో నేరుగా ముడిపడ్డవి, అంటే బిల్లింగ్, కోర్ బ్యాంకింగ్, ల్యాబ్ రిపోర్టులు, చివర్లో. ప్రతి విడతకూ వెనక్కి వచ్చే దారి రాసి ఉండాలి. 'ఫలానా గంటకల్లా ఫలానా పరీక్ష నెగ్గకపోతే పాతదానికి తిరిగి వెళ్తాం' అని ముందే నిర్ణయించుకోవాలి. అర్ధరాత్రి మూడింటికి అలసిపోయిన బుర్రలతో తీసుకునే నిర్ణయం కాదది.

మార్పు ముగిసే ముందు కావాలనే కొన్ని దెబ్బలు కొట్టి చూడాలి. ఒక కేబుల్ పీకాలి, ఒక సర్వర్ ఆపాలి, ఒక డిస్క్ తీయాలి, ఒక వైపు కరెంటు కట్ చేయాలి. కాగితం మీద రెండేసి ఉన్నవన్నీ నిజంగా రెండుగానే పనిచేస్తున్నాయా అన్నది ఇలా తప్ప తెలియదు. ఈ పరీక్ష అమ్మకందారు ఎదుట, చివరి బిల్లు చెల్లించకముందే జరగాలి.

మనుషులు కలవకపోతే

యంత్రాలు ఒక్కటైనా, ఆఫీసులో సర్వర్ టీమ్, స్టోరేజ్ టీమ్, నెట్‌వర్క్ టీమ్ విడివిడిగానే ఉంటే పాత కథే మళ్లీ నడుస్తుంది. కొత్త వ్యవస్థలో సర్వర్ మీద ప్రొఫైల్ తయారు చేయాలంటే నెట్‌వర్క్ నంబర్లు, స్టోరేజ్ చిరునామాలు కూడా అందులోనే ఉంటాయి. 'ఆ స్క్రీన్ మాది' అని ముగ్గురూ అంటారు. తేడా వస్తే 'మాది కాదు' అని కూడా ముగ్గురే అంటారు.

అందుకే అనుభవం ఉన్న సంస్థలు ముందుగానే ఒక ఉమ్మడి టీమ్ ఏర్పాటు చేస్తాయి. అందులో ముగ్గురి నైపుణ్యమూ ఉంటుంది, జవాబుదారీ మాత్రం ఒక్కరిదే. ఎవరు ఏ మార్పు చేయొచ్చు, ఎవరు అనుమతించాలి అన్నది హోదాల వారీగా సిస్టమ్‌లోనే నిర్దేశిస్తారు.

ఇక్కడ ఉద్యోగాల భయం కూడా ఉంది. దాన్ని దాచి లాభం లేదు. పదేళ్లుగా స్టోరేజ్ స్విచ్‌లు మాత్రమే చూసుకున్న ఉద్యోగికి, ఆ పని సాఫ్ట్‌వేర్ చేసేస్తుంటే తన చోటు ఏమవుతుందనే ఆందోళన సహజం. చేతితో చేసే రోజువారీ పనులు నిజంగానే తగ్గుతాయి. కానీ డేటా ఎంత వేగంగా పెరుగుతోంది, ఎక్కడ ఇరుకు వస్తోంది, ప్రమాదం జరిగితే ఏది ముందు లేపాలి అని చెప్పగల మనిషి అవసరం తగ్గదు. హైదరాబాద్‌లో, బెంగళూరులో, గల్ఫ్ దేశాల్లో ఈ రంగంలో ఉన్న తెలుగు యువకులు చాలామంది. ఒక్క పెట్టె మీద సర్టిఫికెట్ సంపాదించి ఆగిపోకుండా, సర్వర్, స్టోరేజ్, నెట్‌వర్క్ మూడింటి మౌలిక పాఠాలతో పాటు కొద్దిగా స్క్రిప్టింగ్ నేర్చుకుంటే వాళ్లకు ఇది అవకాశమే. కొనుగోలు ఒప్పందంలోనే సిబ్బంది శిక్షణను చేర్చడం యాజమాన్యం బాధ్యత.

నడపడంలో క్రమశిక్షణ

పెట్టె వచ్చిన రోజు పండగే. అసలు పని ఆ మరుసటి రోజు మొదలవుతుంది.

ఫర్మ్‌వేర్, ప్యాచ్‌లకు ఏడాది క్యాలెండర్ ఉండాలి. 'నడుస్తోంది కదా, ముట్టుకోవద్దు' అనుకుంటూ రెండేళ్లు వదిలేస్తే, తర్వాత ఒకేసారి నాలుగు మెట్లు ఎక్కాల్సి వస్తుంది. క్లస్టర్‌లో ఒక సర్వర్ ఖాళీ చేసి, ప్యాచ్ చేసి, తర్వాతదానికి వెళ్లడం ఈ వ్యవస్థలు ఇచ్చే సౌకర్యం. కానీ క్లస్టర్‌ను నిండా నింపేస్తే ఖాళీ చేయడానికే చోటుండదు. కనీసం ఒక సర్వర్ మోయగలిగినంత ఖాళీ ఎప్పుడూ ఉంచాలి. దాన్ని వృథా అనుకుని అప్లికేషన్లు నింపేయడం పొరపాటు.

ఒకే స్క్రీన్ నుంచి అంతా నడుస్తుందంటే, ఆ స్క్రీన్ దొంగ చేతికి చిక్కితే అంతా పోతుందని కూడా అర్థం. రాన్సమ్‌వేర్ ముఠాలు వర్చువలైజేషన్ నిర్వహణ సర్వర్లను వెతికి మరీ పట్టుకుంటున్నాయి. ఆ స్క్రీన్‌కు దారి విడి నెట్‌వర్క్ నుంచే ఉండాలి. రెండంచెల తనిఖీ తప్పనిసరి. అడ్మిన్ ఖాతాలను ఈమెయిల్‌కు, రోజువారీ పనికి వాడకూడదు. మన దేశంలో 2022 ఏప్రిల్‌లో సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం సైబర్ ఘటనలను తెలిసిన 6 గంటల్లోపు తెలియజేయాలి, లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలి. ఆ లాగ్‌లు కూడా అదే క్లస్టర్‌లో ఉంటే, క్లస్టర్ పోయిన రోజు ఆధారాలూ పోతాయి. వాటిని బయట దాచాలి.

బ్యాకప్ విషయంలో చాలామంది మోసపోతుంటారు. డేటా రెండు కాపీలు ఉంది కదా, స్నాప్‌షాట్లు ఉన్నాయి కదా అనుకుంటారు. అవి డిస్క్ పోతే కాపాడతాయి. గది కాలిపోతే కాపాడవు. 2025 సెప్టెంబర్ 26న దక్షిణ కొరియాలోని డేజియాన్ నగరంలో ప్రభుత్వ డేటా సెంటర్‌లో లిథియం బ్యాటరీల నుంచి మంటలు లేచాయి. ఆరు వందలకు పైగా ప్రభుత్వ సేవలు నిలిచిపోయాయి. అధికారులు తమ ఫైళ్లు దాచుకునే జీ-డ్రైవ్‌లోని 858 టెరాబైట్ల డేటాకు బయట బ్యాకప్ లేకపోవడంతో అది నాశనమైంది. అక్కడి సామగ్రి ఏ రకం అన్నది ఇక్కడ ముఖ్యం కాదు. అన్నీ ఒకేచోట చేర్చి, రెండో చోటు లేకుండా చేసుకుంటే ఏమవుతుందన్నదే ముఖ్యం. మూడు కాపీలు, రెండు రకాల మాధ్యమాలు, ఒకటి వేరే ఊళ్లో అన్న పాత నియమం కన్వర్జ్‌డ్ కాలంలో మరింత అవసరం. బ్యాకప్ తీయడం ఒక్కటే చాలదు. ఏడాదికి రెండుసార్లయినా దాని నుంచి తిరిగి తెచ్చి చూడాలి. లేదంటే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

ఒక్కరి మీద ఆధారపడితే

ఒకే ఫోన్ నంబర్ అనే వరానికి ఇంకో ముఖం ఉంది. ఆ నంబర్ అవతల ఉన్నవాళ్లు మారిపోతే?

ఈ రంగం చరిత్రలో అది పదేపదే జరిగింది. వీబ్లాక్ తెచ్చిన భాగస్వామ్యంలో సిస్కో 2014లో తన వాటా తగ్గించుకుంది, పట్టు ఈఎంసీ చేతికి వెళ్లింది. 2016 సెప్టెంబర్‌లో ఆ ఈఎంసీనే డెల్ కొనేసింది. సర్వర్లలో సిస్కోకు డెల్ పోటీదారు. సిస్కో సొంతంగా 2016లో తెచ్చిన హైపర్‌ఫ్లెక్స్ అనే హైపర్‌కన్వర్జ్‌డ్ వ్యవస్థను 2023లో ఆపేస్తున్నట్టు ప్రకటించి, నుటానిక్స్‌తో జత కట్టింది. అది కొన్న సంస్థలు గడువులోపు వేరే దారి వెతుక్కోవాల్సి వచ్చింది.

అన్నిటికంటే పెద్ద కుదుపు వీఎంవేర్‌ది. 2023 నవంబర్‌లో బ్రాడ్‌కామ్ దాన్ని కొనుగోలు చేసింది. డిసెంబర్‌లోనే శాశ్వత లైసెన్స్‌ల అమ్మకం ఆపేసి, అంతా చందా పద్ధతిలోకి మార్చింది. ఒకసారి కొని ఏళ్ల తరబడి వాడుకుందామనుకున్న సంస్థల బడ్జెట్లు తలకిందులయ్యాయి. హార్డ్‌వేర్ బాగానే ఉంది, మనుషులు బాగానే ఉన్నారు. పైనున్న ఒక్క సాఫ్ట్‌వేర్ యజమాని మారడంతో లెక్కంతా మారిపోయింది. అప్పటి నుంచి నుటానిక్స్, మైక్రోసాఫ్ట్ హైపర్-వీ, ఓపెన్ సోర్స్ ప్రాక్స్‌మాక్స్ లాంటి వాటివైపు చూసే సంస్థలు పెరిగాయి.

అందుకే ఒప్పందంలో కొన్ని మాటలు ముందే రాయించుకోవాలి. సపోర్ట్ ఎన్నేళ్లు, ఏ తేదీ వరకు? లైసెన్స్ రెన్యువల్ ధరకు పరిమితి ఉందా? విడి భాగాలు మన ఊళ్లో ఉంటాయా, ఎన్ని గంటల్లో వస్తాయి? సామగ్రిలో ఏదో ఒక భాగం వేరే కంపెనీది అయితే, ఆ కంపెనీతో మాట్లాడే బాధ్యత ఎవరిది? మరో వ్యవస్థకు వెళ్లాలనుకుంటే డేటాను, వర్చువల్ సర్వర్లను ఎలా బయటికి తీసుకోవాలి? పాత డిస్కులను తిరిగి తీసుకెళ్లేటప్పుడు వాటిలోని సమాచారం ఏమవుతుంది? ఈ చివరి ప్రశ్న పేషెంట్ల రికార్డులు, ఖాతాదారుల వివరాలు ఉన్నచోట చాలా ముఖ్యం.

ఎవరికి సరిపోతుంది?

అన్నిటికీ క్లౌడ్ ఉండగా సొంత సామగ్రి ఎందుకని కొందరు అడుగుతారు. అవసరం రోజుకో రకంగా పెరిగి తగ్గే పనులకు క్లౌడ్ మేలు. ఏడాది పొడవునా ఒకే తీరుగా నడిచే పనులకు, ఆలస్యం తట్టుకోలేని యంత్రాలకు, డేటా బయటికి పంపకూడదన్న నిబంధనలున్న సంస్థలకు సొంత వ్యవస్థ ఇంకా అర్థవంతమే. చెల్లింపుల డేటాను దేశంలోనే ఉంచాలని రిజర్వ్ బ్యాంక్ 2018 ఏప్రిల్‌లో ఆదేశించింది. అయితే దేశంలో ఉంచడమంటే సొంత గదిలోనే ఉంచాలని కాదు. 2022 నవంబర్‌లో అమెజాన్ క్లౌడ్ హైదరాబాద్‌లోనే తన రీజియన్ ప్రారంభించింది. సొంత సర్వర్లను అద్దెకు పెట్టుకునే డేటా సెంటర్లూ నగరంలో ఉన్నాయి. కాబట్టి కొంత ఇక్కడ, కొంత అక్కడ అన్నదే చాలా సంస్థలు ఎంచుకుంటున్న దారి.

ఐదారు సర్వర్లతో నడిచిపోయే చిన్న సంస్థకు ర్యాక్ నిండా వచ్చే వ్యవస్థ దండగ. మూడు సర్వర్ల చిన్న క్లస్టర్, బయట ఒక బ్యాకప్ ఉంటే సరిపోతుంది. వందల అప్లికేషన్లు, తక్కువ సిబ్బంది, ఆగితే జనం ఇబ్బంది పడే సేవలు ఉన్న సంస్థకు మాత్రం కన్వర్జ్‌డ్ పద్ధతి నిజంగా ఊరటనిస్తుంది.

మొదట చెప్పిన ఆసుపత్రికే మళ్లీ వస్తే, అక్కడ కావాల్సింది ఖరీదైన ర్యాక్ ఒక్కటే కాదు. ఏ సోమవారం ఉదయమైనా వ్యవస్థ నెమ్మదిస్తే బాధ్యత తీసుకునే ఒక్క కంపెనీ బయట, ఒక్క టీమ్ లోపల, ఆ కంపెనీయే మారిపోతే బయటపడే దారి చేతిలో. ఈ మూడూ ముందే అమర్చుకున్న సంస్థకు కన్వర్జ్‌డ్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ ఉపయోగపడుతుంది. అమర్చుకోకపోతే మూడు పాత పెట్టెల స్థానంలో ఒక కొత్త పెట్టె వస్తుంది, కౌంటర్ ముందు క్యూ మాత్రం కదలదు.